నాన్నకి ఇవి విరేచనాలా, మలబద్ధకమా? ఆపరేషన్ అయ్యాక 9 రోజులు మోషన్ లేదు, ఇప్పుడు నీళ్ళలా పోతోంది

తణుకు_అమ్మాయి
సోమవారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం అండి. కొంచెం అర్జెంటుగా అడుగుతున్నాను, బయట ఎవరినన్నా అడగాలంటే మొహమాటంగా ఉంది, తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మా నాన్నగారికి 76 ఏళ్ళు. పోయిన నెల తెల్లారగట్ల బాత్రూంలో కాలు జారి తుంటి ఎముక విరిగింది, రాజమండ్రిలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు, ఇవాళ్టికి 24 రోజులు. కుట్లు బాగానే మానాయి, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు, అదంతా బానే ఉంది. గొడవల్లా మోషన్ తోనే. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి సరిగ్గా లేదు, మొదట్లో రెండు మూడు రోజులకోసారి మేక పెంటికల్లా గట్టిగా నాలుగు ఉండలు పడేవి, అదీ చాలాసేపు ముక్కీ ముక్కీ చెమటలు పట్టేసేవి. తర్వాత వరసగా 9 రోజులు అసలేమీ లేదు.

మొన్న శుక్రవారం నుంచి ఉన్నట్టుండి నీళ్ళలా పోవడం మొదలైంది. ఎక్కువేం కాదు, కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు, ఆయనకి తెలియకుండానే పంచెకి అంటుకుంటోంది. హమ్మయ్య ఫ్రీ అయ్యింది అనుకున్నాం ముందు. రెండో రోజుకీ ఆగకపోతే మా ఊళ్ళో ప్రాక్టీస్ చేసే ఆయన వచ్చి చూసి విరేచనాలు అని కట్టడానికి మాత్రలు ఇచ్చారు, రెండు వేశాం. ఇప్పుడు పొట్ట బిగిసిపోయి డప్పులా ఉంది, అన్నం ముద్ద పెడితే వద్దని మొహం తిప్పేసుకుంటున్నారు, ఒంటేలు కూడా చుక్క చుక్కగా వస్తోంది అంటున్నారు. నిన్న రాత్రయితే చనిపోయిన మా పెద్దమ్మని పిలుస్తున్నారు, ఇది ఏ ఊరు అని అడిగారు. నాకు చాలా భయమేసింది.

వాడే మందులు: నొప్పికి ట్రమడాల్ పారాసెటమాల్ కలిసిన మాత్ర రోజుకి మూడు, ఐరన్ ఒకటి, కాల్షియం రెండు, గ్యాస్ మాత్ర, పాతవి బీపీకి ఆమ్లోడిపిన్. షుగర్ లేదు. తిండి విషయానికొస్తే మా మేనత్త గట్టిగా పథ్యం పెట్టిస్తోంది, పప్పు తింటే కుట్లు చీము పడతాయి, ఆకుకూర వద్దు, వంకాయ వద్దు అని. ఇడ్లీ, పాలూ బ్రెడ్డూ, మెత్తటి అన్నంలో బీరకాయ, అంతే.

ఇంకో మాట, ఇది రాయడానికే బాధగా ఉంది. ఆయన నీళ్ళు తాగట్లేదు. ఎంత చెప్పినా తాగరు. పగలు మా వదినే చూసుకుంటుంది, కోడలి చేత కుర్చీ మీద కూర్చోబెట్టించుకోవడం ఆయనకి సిగ్గు, అందుకని వస్తున్నా ఆపుకుని మా అన్నయ్య సాయంత్రం ఆరింటికి వచ్చేదాకా చూస్తున్నారట. నాకు నిన్ననే తెలిసింది. జీవితమంతా మడిచి కూర్చునే దొడ్డికి అలవాటైన మనిషి, ఈ కమోడ్ కుర్చీ మీద రానే రావట్లేదు అంటున్నారు.

ఇప్పుడు నేను విరేచనాలకి మందు వెయ్యాలా, మలబద్ధకానికి వెయ్యాలా?


కరీంనగర్_అన్న
సోమవారం, రాత్రి 9:15

అక్కా ఫికర్ చేయకు. మా నాయినకు గూడ మోకాలు ఆపరేషన్ అయినంక గిట్లనే అయింది, వారం దాక లేకుండె. మేమైతే ఇసబ్‌గోల్ రెండు చెంచాలు రాత్రి పాలల్ల కలిపి ఇచ్చినం, పొద్దుగాల కల్లా సాఫ్ అయింది. మా అవ్వ ఉన్నప్పుడు ఆర్నెల్లకోపారి ఇంట్ల అందరికి ఆముదం తాగిపిచ్చేది, ఆ దినం మొత్తం చారు అన్నమే. నువ్వు గూడ ఒక చెంచా ఆముదం పోసి సూడు, లోపల ఉన్నదంత బయటికొస్తది. కట్టే మాత్రలు మాత్రం బంద్ చెయ్యి, అవి ఎందుకిచ్చిండో నాకైతే సమజ్ కాలే.


వార్డు_సిస్టర్
సోమవారం, రాత్రి 9:40

తణుకు అమ్మా, నేను గుంటూరులో ఉంటాను, 19 ఏళ్ళుగా నర్సుని, అందులో ఎక్కువ కాలం ఎముకల వార్డులోనే. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందు ఈ మాట వినండి, మిగతాది తర్వాత. ఆ కట్టే మాత్ర ఇంకొకటి కూడా వెయ్యొద్దు. ఇసబ్‌గోల్ ఇవ్వొద్దు, ఆముదం అసలు పొయ్యొద్దు. ఇవాళ రాత్రికే ఆయన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. పొద్దున చూద్దాం అనుకోకండి.

కరీంనగర్ అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు, మామూలుగా రెండ్రోజులు మోషన్ రాని మనిషికైతే ఇసబ్‌గోల్ మంచిదే. కానీ ఇది ఆ స్టేజీ దాటిపోయింది.

ఏం జరుగుతోందో నాకు అనిపించేది చెప్తాను. పెద్ద పేగు పనే నీళ్ళు పీల్చుకోవడం. చిన్న పేగు నుంచి రోజుకి ఒకటిన్నర లీటరు దాకా ద్రవం అందులోకి వస్తుంది, అందులో చాలా మటుకు పీల్చేసుకుని గట్టిపడ్డదాన్ని కిందకి తోస్తుంది. అక్కడ మలం ఎన్ని రోజులు ఆగితే అంత నీరు లాగేసుకుంటూ ఉంటుంది, చివరికి కిందన మట్టిగడ్డలా ఒక పెద్ద ముద్ద కూర్చుండిపోతుంది. అది బయటికి రాదు. దాని పైన ఉన్న పల్చటి మలం మాత్రం ఆ ముద్ద పక్క సందుల్లోంచి జారి బయటపడుతుంది, తూములో గుడ్డ అడ్డం పడ్డా చుట్టూ నీళ్ళు కారినట్టు. చూసేవాళ్ళకి విరేచనాల్లా కనపడుతుంది, నిజానికి అది మలబద్ధకమే, అది కూడా బాగా ముదిరింది. కొంచెం కొంచెంగా చాలాసార్లు రావడం, మనిషికి తెలియకుండా బట్టకి అంటడం, దానికి ముందు చాలా రోజులు ఏమీ రాకపోవడం, మంచాన పడ్డ పెద్దాయన కావడం, ఈ నాలుగూ కలిస్తే మేము మొదట అనుమానించేది ఇదే. దీనికి కట్టే మందు వేస్తే కొంచెం కదిలే పేగు కూడా ఆగిపోతుంది. పొట్ట అందుకే బిగిసింది అనుకుంటున్నాను.

ఒంటేలు చుక్కలుగా రావడానికి కారణం కూడా అదే అయ్యుండొచ్చు, ఆ ముద్ద ముందున్న మూత్రాశయాన్ని నొక్కేస్తుంది. ఇక రాత్రిళ్ళు తికమకగా మాట్లాడటం, పెద్ద వయసువాళ్ళలో మలం గడ్డకట్టినా, ఒంటేలు నిలిచిపోయినా, ఒంట్లో నీరు తగ్గినా ఇలా అవుతుంది. ట్రమడాల్ వల్ల కూడా అవ్వచ్చు. మతి పోయిందని భయపడకండి, కారణం తీసేస్తే చాలామంది మళ్ళీ మామూలైపోతారు. కానీ ఇది చిన్న విషయం కాదు, అందుకే ఈ రాత్రే అంటున్నాను.

అక్కడ డాక్టరు గ్లౌజు వేసుకుని వేలితో చూస్తారు, ఆ ముద్ద చేతికి తగులుతుంది. కొందరు ఆ పరీక్ష మొహమాటపడి చెయ్యరు, మీరే అడగండి, సార్ కింద గడ్డకట్టిందేమో ఒకసారి చూడండి అని. ఉంటే మత్తు జెల్లీ రాసి నెమ్మదిగా విడగొట్టి తీస్తారు, తర్వాత ఎనిమా ఇస్తారు. ఇంట్లో మాత్రం వేళ్ళు పెట్టి తీసే ప్రయత్నం చెయ్యకండి, పెద్దవాళ్ళలో గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు, లోపల చీరుకుపోవచ్చు. షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా కూడా మీ అంతట మీరు ఇవ్వకండి, కిడ్నీ వీక్‌గా ఉన్న పెద్దవాళ్ళకి ఒంట్లో లవణాలు తేడా చేసేస్తుంది.

వెళ్ళేలోపు వాంతులు మొదలైనా, కింద నుంచి గాలి కూడా రావడం ఆగిపోయినా, కడుపు నొప్పి తట్టుకోలేకపోయినా దగ్గర్లో ఏ ఎమర్జెన్సీ ఉంటే అక్కడికి పరిగెత్తండి, పేగు పూర్తిగా మూసుకుపోతే అలా ఉంటుంది. మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్ళండి. ఏమైందో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.


తణుకు_అమ్మాయి
మంగళవారం, ఉదయం 6:30

సిస్టర్, మీకు దణ్ణం పెడుతున్నాను. మీ మెసేజ్ చదివి రాత్రి పదిన్నరకి కారు మాట్లాడుకుని తీసుకెళ్ళాం. మీరు చెప్పినట్టే నేను అడిగితే డ్యూటీ డాక్టరు చూశారు, చూడగానే గట్టిగా ఉందమ్మా, క్రికెట్ బంతంత ఉంది అన్నారు. ముందు ఒంటేలుకి గొట్టం వేస్తే 800 మిల్లీలీటర్లు వచ్చింది. తర్వాత జెల్లీ వేసి అరగంట సేపు కొంచెం కొంచెంగా తీశారు, నాన్న నా చెయ్యి పట్టుకుని పళ్ళు బిగబట్టారు, ఒక్కసారి కూడా అరవలేదు. తెల్లారగట్ల నాలుగింటికి ఎనిమాకి బాగా అయ్యింది. అయిదున్నరకి కళ్ళు తెరిచి "అమ్మాయ్, కాఫీ ఉందా" అన్నారు. ఏడుపొచ్చేసింది నాకు.

రేపు పంపిస్తామన్నారు. మళ్ళీ ఇలా రాకుండా ఏం చెయ్యాలో చెప్పండి. లాక్టులోజ్ సిరప్ రాశారు.


మందులషాపు_విశాఖ
మంగళవారం, మధ్యాహ్నం 1:10

చాలా మంచి వార్త మేడం. నేను ఫార్మసిస్టుని, మా షాపుకి వచ్చేవాళ్ళలో రోజూ కొంతమంది దీని గురించే అడుగుతారు, అదీ చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి గొంతు తగ్గించి అడుగుతారు. మీ నాన్నగారి లిస్టు చూస్తే ఒక్కొక్కటిగా కాదు, అన్నీ కలిసి దాడి చేశాయి అనిపిస్తోంది. ట్రమడాల్ మెదడులో నొప్పిని తగ్గించడానికి ఏ తాళం తీస్తుందో అదే తాళం పేగు గోడల్లో కూడా ఉంటుంది, దానివల్ల పేగు కదలిక నెమ్మదిస్తుంది. మగత లాంటివి కొన్నాళ్ళకి ఒంటికి అలవాటైపోతాయి గానీ ఈ మలబద్ధకం మాత్రం అలవాటు పడదు, మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది. అందుకే ఈ రకం నొప్పి మాత్ర మొదలెట్టిన రోజే మోషన్ మందు కూడా మొదలెట్టాలి, ఇది చాలా చీటీల్లో ఉండదు. ఐరన్, కాల్షియం కూడా గట్టిపరిచేవే. బీపీ మాత్ర కూడా కొందరికి కొంత చేస్తుంది. ఇంకా మామూలుగా వాడే వాటిలో జలుబుకీ దురదకీ వేసే మగత మాత్రలు, నిద్రకీ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్‌లు ఇవన్నీ కూడా. ఇలాంటి మందు మొదలెట్టిన వారంలోనే మోషన్ తేడా వస్తే ముందు దాన్నే అనుమానించాలి. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపకండి, నొప్పి తగ్గితే ట్రమడాల్ తగ్గించి ఒట్టి పారాసెటమాల్ సరిపోతుందా, ఐరన్ కొన్నాళ్ళు ఆపొచ్చా అని ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడగండి.

ఇప్పుడు ఇసబ్‌గోల్ ఎందుకు వద్దన్నారో చెప్తాను, సిస్టర్ గారు హడావిడిలో రాయలేదు. ఇంట్లో ఉంటే ఒక చెంచా పొట్టు గాజు గ్లాసులో వేసి కొంచెమే నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలేయండి. జిగురుగా గడ్డలా ఉబ్బిపోతుంది, గ్లాసు తిరగేసినా తొందరగా పడదు. నీళ్ళు బాగా తాగి అటూ ఇటూ తిరిగే మనిషికి ఆ ఉబ్బడమే మేలు, మలం మెత్తగా పెద్దగా అయ్యి పేగుని కదిలిస్తుంది. నీళ్ళు తాగకుండా మంచం మీద ఉండి, పైగా పేగుని నెమ్మదింపజేసే మందు వాడుతున్న పెద్దాయనకి అది అడ్డు మీద ఇంకో అడ్డు. ఎవరు వాడినా పెద్ద గ్లాసు నీళ్ళతో తాగాలి, తాగి వెంటనే పడుకోకూడదు. ఒట్టి పొట్టు నోట్లో వేసుకుని రెండు గుక్కలు తాగేవాళ్ళని చూశాను, గొంతులో పట్టేస్తుంది, చాలా ప్రమాదం.

లాక్టులోజ్ అంటే ఒంటికి పట్టని ఒక రకం చక్కెర, అది పేగులోకి నీటిని లాగుతుంది. ఈ రాత్రి వేస్తే పొద్దున్నే రావాలనుకోకండి, ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదటి వారం గ్యాస్, పొట్టలో గుడగుడ ఉంటాయి. చాలామంది రెండో రోజుకే పని చెయ్యట్లేదని ఆపేస్తారు. అది పడకపోతే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఉంది, నీళ్ళలో కలుపుకుని తాగడమే, గ్యాస్ తక్కువ. బైసకొడిల్ మాత్ర పేగుని తట్టిలేపే రకం, రాత్రి వేస్తే ఆరు నుంచి పన్నెండు గంటల్లో వస్తుంది, దాన్ని పాలతో గానీ గ్యాస్ మందుతో గానీ వెయ్యకూడదు, నమలకూడదు, పైపూత కడుపులోనే కరిగిపోయి మెలిపెడుతుంది. తెల్లటి సిరప్‌లలో లిక్విడ్ పారాఫిన్ ఉన్నవి ఉంటాయి, మంచం మీద పడుకుని మింగే పెద్దవాళ్ళకి అవి వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నూనె న్యుమోనియా వస్తుంది.


న్యూజెర్సీ_అమ్మ
మంగళవారం, రాత్రి 11:20

ఈ థ్రెడ్ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మా ఐదేళ్ళ బాబుకి జరిగింది ఇదే. వాడు రోజూ డ్రాయర్ పాడు చేసుకుంటున్నాడని ఎన్నిసార్లు కోప్పడ్డానో, స్కూల్ నుంచి రోజూ కవర్లో కట్టి పంపేవాళ్ళు. మా అత్తగారు ఇండియా నుంచి వీడియో కాల్‌లో పెరుగన్నం పెట్టు విరేచనాలు కట్టుకుంటాయి అనేవారు. పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూసి ఇది విరేచనాలు కాదు, లోపల నిండిపోయి కారుతోంది, వాడికి వస్తున్నట్టే తెలియదు, తిట్టకండి అని చెప్పింది. ఆ రోజు వాణ్ణి దగ్గరికి తీసుకుని సారీ చెప్పాను.

మొదలైంది ఎక్కడంటే ఒకసారి గట్టిగా వచ్చి చీరుకుని నొప్పి పుట్టింది. ఆ భయంతో వాడు ఆపుకోవడం మొదలెట్టాడు, సోఫా వెనక్కి పోయి కాళ్ళు మెలేసి నిలబడేవాడు, మేమేమో ముక్కుతున్నాడనుకున్నాం, నిజానికి ఆపుకుంటున్నాడు. ఆపుకునేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ నొప్పి, నొప్పి వల్ల మళ్ళీ ఆపుకోవడం. దానికితోడు రోజుకి నాలుగు గ్లాసుల పాలు, అన్నం తినడు. ముందు పొడి మందుతో మొత్తం ఖాళీ చేయించి, తర్వాత నెలల తరబడి తక్కువ డోసు ఇచ్చాం, సాగిపోయిన పేగు మళ్ళీ మామూలు అవ్వడానికి అంత టైం పడుతుందట. పాలు తగ్గించాం, పియర్స్ పండ్లు, నానబెట్టిన ఎండుద్రాక్ష. భోజనం అయిన వెంటనే కాళ్ళ కింద పీట పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం, వచ్చినా రాకపోయినా మెచ్చుకోవడం. ఇప్పుడు ఏడేళ్ళు, బాగున్నాడు.

తణుకు అమ్మాయి గారూ, మీ నాన్నగారు కోడలి ముందు ఆపుకోవడం, మావాడు సోఫా వెనక దాక్కోవడం నాకు ఒకటే అనిపించాయి.


కరీంనగర్_అన్న
బుధవారం, ఉదయం 7:45

సిస్టర్ గారు, మంచిగ చెప్పిన్రు, నేను తెల్వక ఆముదం అన్న. ఒక డౌట్ ఉంది, రోజూ మోషన్ మందు వేస్తె అలవాటైపోతది, అది లేకుంటె ఇగ రాదు అంటరు గదా? మా నాయిన అందుకే త్రిఫల చూర్ణం ఒక్కటే వాడుతడు, ఆయుర్వేదం గాబట్టి నష్టం లేదని. మల్ల రోజు రాకపోతె బీమారేనా?


వార్డు_సిస్టర్
బుధవారం, మధ్యాహ్నం 2:30

నిన్న డ్యూటీలో ఉన్నాను, లేటుగా చూశాను. కాఫీ అడిగారని చదివి నాకు కూడా కళ్ళు చెమర్చాయి అమ్మా.

అన్నా, రోజూ రాకపోతే జబ్బు కాదు. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా, ఎవరి లెక్క వాళ్ళది. వారానికి మూడుసార్ల కంటే తగ్గినా, ఉండలుగా గట్టిగా వస్తున్నా, ముక్కాల్సి వస్తున్నా, వెళ్ళొచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టు అనిపిస్తున్నా అప్పుడు మలబద్ధకం. మా వార్డులో గోడకి బ్రిస్టల్ చార్ట్ ఉంటుంది, ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్ళో డాక్టర్లు తయారు చేసింది, 1997లో వైద్య పత్రికలో వచ్చింది, మలాన్ని ఏడు రకాలుగా బొమ్మలేసి చూపిస్తుంది. పెంటికల్లా ఉంటే ఒకటో రకం, నున్నగా అరటిపండులా జారితే నాలుగు. పేషెంట్లు నోటితో చెప్పలేనిది బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తారు.

డాక్టరు చెప్పిన డోసులో వాడితే పేగు బద్ధకించి పాడైపోతుందనే భయం అక్కర్లేదు. మందు లేకపోతే రావట్లేదంటే చాలాసార్లు అసలు కారణం అలాగే ఉందని అర్థం. త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, కొందరికి మెత్తగా పనిచేస్తుంది, కాదనను. కానీ చాలా చూర్ణాల్లో సునాముఖి ఆకు కలుపుతారు, అది మన మోషన్ మాత్రల్లో ఉండే సెన్నానే, కాబట్టి డబ్బా మీద చదివి వాడమనండి. ఇంకొకటి, 50 దాటినవాళ్ళకి ఇంతకు ముందు లేని మలబద్ధకం కొత్తగా మొదలైతే, మలంలో రక్తం పడితే, బరువు తగ్గిపోతుంటే, రక్తం తగ్గిందని తేలితే చూర్ణాలతో నెట్టుకురావొద్దు. మొలలే కదా అని రక్తాన్ని ఏళ్ళ తరబడి వదిలేసి ఆఖర్న పేగు క్యాన్సర్‌తో వచ్చినవాళ్ళని నా చేతులతో చూసుకున్నాను. థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది, ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

తణుకు అమ్మా, ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ మేనత్త గారికి నా తరఫున నమస్కారం చెప్పి ఈ పథ్యం ఎత్తేయించండి. పప్పు తింటే కుట్లు చీము పట్టవు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. గాయం మానడానికి పప్పులో ఉన్న ప్రోటీనే కావాలి, పేగు కదలడానికి ఆకుకూరలో పీచు కావాలి, మన పథ్యం సరిగ్గా ఆ రెండిటినే ఆపేస్తుంది. పెద్దవాళ్ళకి రోజుకి 25 గ్రాముల దాకా పీచు కావాలి, ఒక కప్పు తెల్లన్నంలో ఒక గ్రాము కూడా ఉండదు, ఒక మాదిరి జామకాయలో ఐదు గ్రాముల దాకా ఉంటుంది. కానీ ఒక్కసారిగా పెంచకండి, పొట్ట ఉబ్బుతుంది. తోటకూర పప్పు, మునగాకు, చిక్కుడు, బొప్పాయి, పళ్ళు బాలేకపోతే జామకాయ గింజలు తీసి మెత్తగా, ఇలా మెల్లగా. నీళ్ళు ఒకేసారి చెంబెడు ఇస్తే తాగరు, గంటకోసారి చిన్న గ్లాసు మజ్జిగో చారో ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళయితే ఎంతవరకో డాక్టర్ని అడిగి ఇవ్వాలి.

తిన్న అరగంటలోపు పేగు తనంతట తనే కదులుతుంది, పొద్దున ఇంకా ఎక్కువ. టిఫినూ కాఫీ అయ్యాక మీ అన్నయ్య ఆఫీసుకి వెళ్ళేముందు ఆ పావుగంట నాన్నగారిది అని పెట్టుకోండి. వదిన చెయ్యాల్సిన అవసరం రాకుండా ఉంటే ఆయన సిగ్గూ పోతుంది, ఆపుకోవడమూ పోతుంది. తలుపు వేసి ఆయన్ని ఒంటరిగా వదిలేయండి, పడిపోకుండా చేతికి పట్టుకోడానికి ఉండాలి, పిలిస్తే వినపడే దూరంలో మనిషి ఉంటే చాలు.

మడిచి కూర్చుంటే వస్తుంది అంటున్నారు కదా, ఆయన చెప్పేది నిజమే. మలద్వారం పైన ఒక కండరం పేగుని ముందుకి లాగిపట్టి వంపు చేసి ఉంచుతుంది, గొంతుకిలా కూర్చున్నప్పుడు అది వదులై దారి తిన్నగా అవుతుంది. కమోడ్ మీద కూర్చున్నా కాళ్ళ కింద జానెడు ఎత్తు పీట వేస్తే కొంత అదే పని జరుగుతుంది. కానీ తుంటికి ఆపరేషన్ అయినవాళ్ళకి ఆ పీట అందరికీ కుదరదు. తుంటి కీలులో బంతి మార్చినవాళ్ళు మోకాళ్ళు తుంటి కన్నా పైకి లేపకూడదు, కీలు జారిపోతుంది. మీ నాన్నగారికి రాడ్ అన్నారు కాబట్టి ఒప్పుకోవచ్చు, అయినా సర్జన్‌ని అడిగాకే వెయ్యండి.


తణుకు_అమ్మాయి
మరుసటి బుధవారం, రాత్రి 9:05

వారం అయ్యింది, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఒంటేలు గొట్టం మూడో రోజు తీసేశారు, మామూలుగా వస్తోంది. సర్జన్ గారు ట్రమడాల్ తీసేసి పారాసెటమాల్ ఒక్కటే ఉంచారు, ఐరన్ రెండు వారాలు ఆపి రక్తం చూసి చెప్తామన్నారు. లాక్టులోజ్ రాత్రిపూట పోస్తున్నాం, మొదటి రెండు రోజులు గ్యాస్ అని విసుక్కున్నారు, మూడో రోజు నుంచి పొద్దున పూట వస్తోంది. బ్రిస్టల్ బొమ్మలు ఫోన్లో చూపించి ఏ నంబరు నాన్నా అని అడుగుతున్నాను, మొన్న మూడు, ఇవాళ నాలుగు. రాత్రిళ్ళు తికమక పూర్తిగా పోయింది.

పథ్యం విషయంలో మేనత్త రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. డాక్టరు గారితో ఫోన్లో ఒక్క మాట చెప్పిస్తే అప్పుడు ఒప్పుకుంది, నిన్న తనే పెరట్లో తోటకూర కోసి కాడలతో సహా పులుసు పెట్టింది. నాన్న రెండుసార్లు వేయించుకున్నారు.

పీటకి సర్జన్ సరే అన్నారు, ఆరంగుళాలు దాటొద్దు, ముందుకి బాగా వంగొద్దు అని. మా ఇంట్లో అమ్మ పూజ చేసుకునే పాత చెక్కపీట అంతే ఎత్తుంది, కానీ దాన్ని అక్కడ వాడటానికి మనసొప్పలేదు, అన్నయ్య వడ్రంగి చేత అలాంటిదే ఇంకోటి చేయించి జారకుండా కింద రబ్బరు కొట్టించాడు. అన్నయ్య ఎనిమిదింటికి కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసి వరండాలో పేపరు చదువుకుంటాడు. వదిన ఆ టైంలో వంటింట్లో మిక్సీ వేస్తుంది, పనుండి కాదు, లోపలి శబ్దాలు బయటికి వినపడట్లేదని ఆయనకి నిమ్మళంగా ఉంటుందని. తనకి తనే అనుకుని చేసింది, ఎవరూ చెప్పలేదు.

ఒక్కటి అడగాలి సిస్టర్. లాక్టులోజ్ ఎన్నాళ్ళు పొయ్యాలి?


వార్డు_సిస్టర్
మరుసటి బుధవారం, రాత్రి 9:50

మీ వదినకి నా ముద్దులు. ఇలాంటి కోడలు ఉన్న ఇంట్లో పేషెంటు తొందరగా లేచి నడుస్తాడు.

సిరప్ ఒక్కసారిగా ఆపకండి. ఆయన నడక పెరిగి, తిండి కుదురుకుని, రెండు వారాలపాటు మూడు నాలుగు నంబర్లే వస్తుంటే అప్పుడు డాక్టర్ని అడిగి కొంచెం కొంచెంగా తగ్గించండి. మరీ పల్చగా అయితే ముందే తగ్గించాలి. ఐరన్ మళ్ళీ మొదలెడితే ఆ వారం సిరప్ తగ్గించే పని పెట్టుకోకండి, మలం నల్లగా వస్తే కంగారు పడకండి, ఐరన్‌కి అలాగే వస్తుంది. తారులా జిగటగా, చెడు వాసనతో వస్తే మాత్రం అది వేరు, వెంటనే చూపించాలి. ఎప్పుడైనా మూడు రోజులు దాటి రాకపోతే ఇంకా ఆగకుండా హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యండి.

పీట ఫోటో ఒకటి పెట్టండి అమ్మా, కొలతలతో. మా వార్డులో చేయించమని అడుగుతాను.